స్వర్ణలేపన చరిత్ర – విద్యుత్ తొట్టెలో ఉదజని పాత్ర

జీర్ణోద్ధరణ పూర్తయిన ఆలయంలో కుంభాభిషేకం నాటి ఉదయం, యాగశాల నుండి వచ్చిన పవిత్ర జలాలు శిఖరం మీద నుండి జాలువారే వేళ, భక్తులందరి దృష్టి కలశంపైననే నిలుస్తుంది. తొలి ఎండలో మెరిసే ఆ బంగారు కలశాన్ని దర్శించి చేతులు జోడించని వారుండరు. ఆ కాంతి వెనుక దాతల త్యాగం ఉన్నది. శిల్పుల, స్వర్ణకారుల శ్రమ ఉన్నది. వాటితో పాటు, రాగి మీద బంగారాన్ని చిరకాలం నిలపడానికి మానవజాతి రెండువేల సంవత్సరాలకు పైగా చేసిన ప్రయత్నాల చరిత్ర కూడా ఉన్నది.

ఆ చరిత్రలో గత రెండు శతాబ్దాల భాగం విద్యుత్తుతో ముడివడినది. అందులో కంటికి కనిపించే పాత్ర బంగారానిది. కంటికి కనబడకుండా పూత మేలుకీళ్లను నిర్ణయిస్తూ వచ్చిన పాత్ర మాత్రం, పాత తరం వారు పాఠ్యపుస్తకాలలో ఉదజని అని చదువుకున్న హైడ్రోజన్ వాయువుది. భక్తులు సమర్పించిన బంగారం శిఖరం మీద ఎంతకాలం నిలుస్తుందనే ప్రశ్నకు సమాధానం చాలావరకు ఈ వాయువు నడవడిలోనే దాగి ఉన్నది. కనుక ఈ కథను దాతలు, భక్తులు, ఆలయ నిర్వాహకులు తెలుసుకొనదగి ఉన్నది.

విద్యుత్తుకు పూర్వం: రేకు, పాదరసం

విద్యుత్తు తెలియని కాలంలో లోహానికి బంగారు పూత పూయడానికి ముఖ్యంగా రెండు మార్గాలుండేవి. బంగారాన్ని పలుచని రేకుగా సాగగొట్టి రాగి మీద తాపడం చేయడం మొదటిది. బంగారాన్ని పాదరసంలో కరిగించి, వెన్నముద్ద వంటి ఆ మిశ్రమాన్ని శుభ్రపరచిన రాగి మీద పూసి, నిప్పుల సెగ చూపడం రెండవది. పాదరసం 357 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. వేడికి అది ఆవిరైపోగా బంగారం రాగిని గట్టిగా పట్టుకొని మిగిలిపోతుంది. దీనినే మన స్వర్ణకారులు మలాము అన్నారు.

తెలుగువారి ఆలయ చరిత్రలో స్వర్ణవిమానమనగానే గుర్తుకు వచ్చేది తిరుమల ఆనంద నిలయం. శ్రీకృష్ణదేవరాయలు 30,000 వరహాలు సమర్పించి ఆ విమానానికి బంగారు పూత చేయించగా ఆ కార్యం 1518లో పూర్తయినట్లు శాసనాధారం ఉన్నది. అంతకు పూర్వమూ, ఆ తరువాతా పలువురు ప్రభువులు, అమాత్యులు, మహంతులు విమానానికి మరమ్మతులు చేయించారు, కలశాలను సమర్పించారు. 1958లో విమానానికి మళ్లీ బంగారు తాపడం జరిగింది. ఒకసారి పూసిన బంగారం శాశ్వతం కాదనీ, తరతరాలవారు దానిని పునరుద్ధరించుకొనవలసినదేననీ ఈ చరిత్ర చాటుతున్నది.

ఉత్తరాదిన పంజాబు పాలకుడు మహారాజా రంజిత్ సింగ్ పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో అమృతసరులోని హరిమందిరానికి బంగారు మలాము చేసిన రాగి రేకులను తాపడం చేయించాడు. ఆ మందిరానికి స్వర్ణదేవాలయమనే పేరు ఆ కారణంగానే స్థిరపడింది.

పాదరసపు మలాము పనితనం గొప్పదే అయినా, దాని వెల స్వర్ణకారుల ప్రాణం. పాదరసపు ఆవిరిని పీల్చిన పనివారికి చేతులు వణకడం, పళ్లు ఊడడం, మతి చలించడం ఆ వృత్తికి అంటిన శాపంగా ఉండేవి. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో సెయింట్ ఐజాక్ ఆలయ గుమ్మటానికి 1830ల చివరలో ఈ పద్ధతినే పూత పూశారు. దాదాపు 100 కిలోల బంగారం వినియోగమైన ఆ పనిలో 60 మంది దాకా కార్మికులు పాదరసపు ఆవిరికి బలయ్యారని చరిత్రకారులు చెబుతారు. భగవంతుని శిఖరానికి వన్నె తెచ్చిన చేతులు ఈ విధంగా రాలిపోవడం ఆనాటి వారిని కలవరపరచింది. ప్రాణహాని లేని మరొక మార్గం కావలసి వచ్చింది.

వోల్టా ఘటం నుండి బర్మింగ్‌హాం కర్మాగారం దాకా

ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా 1800లో విద్యుత్ ఘటాన్ని లోకానికి చూపాడు. ఆయన మిత్రుడు, పావియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు లూయిజీ బ్రుగ్నాతెల్లి 1805లో ఆ ఘటానికి తీగలు కలిపి, బంగారం కరిగిన ద్రావణంలో రెండు వెండి పతకాలను ముంచి, వాటిపై బంగారు పూత తెచ్చాడు. విద్యుత్తుతో చేసిన తొలి స్వర్ణలేపనం అదే. అయినా ఆ వార్త ఆనాడు అంతగా వ్యాపించలేదు. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మోరిట్స్ యాకోబి విద్యుత్తుతో రాగిని అచ్చులపై పోతపోసినట్లు నిలిపే విద్యను ప్రకటించిన తరువాతనే యూరపు ఖండమంతటా ఆసక్తి రగిలింది.

అసలు చిక్కు ద్రావణంలో ఉండేది. సాధారణ లవణ ద్రావణాల నుండి దిగిన బంగారం పొడిపొడిగా రాలిపోయేది. బర్మింగ్‌హాం నగరానికి చెందిన వైద్యుడు జాన్ రైట్, బంగారు సయనైడు ద్రావణీయతను గురించి పూర్వ రసాయన శాస్త్రవేత్త షీలే వ్రాసిన విషయాలను చదివి, పొటాషియం సయనైడు ద్రావణాన్ని ప్రయత్నించాడు. పూత నున్నగా, గట్టిగా దిగింది. ఆ నగరంలోని ఎల్కింగ్టన్ కుటుంబీకులు ఆయన పద్ధతిని స్వీకరించి 1840లో పేటెంటు పొందారు. 1844లో వారి కర్మాగారం కోసం వూల్రిచ్ రూపొందించిన విద్యుజ్జనక యంత్రం తయారైంది. పరిశ్రమలో వినియోగించిన తొలి విద్యుజ్జనక యంత్రంగా దానిని పేర్కొంటారు. నేటి విద్యుత్ పరిశ్రమ తొలి అడుగులలో ఒకటి బంగారు, వెండి పూతల కోసమే పడిందని దీనివల్ల తెలుస్తున్నది.

అదే కాలంలో జర్మనీలో మరొక విశేషం జరిగింది. ద్వంద్వ యుద్ధంలో ఒకరికి సహాయకుడుగా నిలిచినందుకు సైనికాధికారి వెర్నర్ సీమెన్స్‌కు కారాగార శిక్ష పడింది. మాగ్డెబర్గ్ కోటలోని చెరలోనే ఆయన రసాయనాలు తెప్పించుకొని ప్రయోగాలు సాగించాడు. ఒక చెంచాకు బంగారు పూత దింపగలిగాడు. 1842లో ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పేటెంటు ఇచ్చింది. తరువాత ఆయన తమ్ముడు ఇంగ్లండు వెళ్లి ఆ హక్కును ఎల్కింగ్టన్ సంస్థకే విక్రయించాడు. ఆ సొమ్ము సీమెన్స్ సోదరుల భావి పరిశోధనలకు ఆసరా అయినది.

పాదరసం వల్ల ఎక్కువ ప్రాణనష్టం చూసిన రష్యా దేశంలోనే ఈ కొత్త విద్య పెద్ద ఆలయానికి చేరింది. మాస్కోలోని క్రీస్తు రక్షక ఆలయ గుమ్మటాలకు పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో విద్యుత్ పద్ధతిలో బంగారు పూత పూశారు. ఆ ఆలయాన్ని 1931లో సోవియట్ ప్రభుత్వం కూల్చివేసింది. అదే స్థలంలో పునర్నిర్మించిన ఆలయం 2000లో ప్రతిష్ఠ జరుపుకొన్నది. ఏ మతానికి చెందినదైనా శిఖరం మీది బంగారం ప్రజల విశ్వాసానికి గుర్తే కాబట్టి, దాని పతనమూ పునరుద్ధరణమూ కూడా చరిత్రకెక్కినవి.

ఫారడే లెక్క, హైడ్రోజన్ వాటా

మైకేల్ ఫారడే 1830ల ప్రారంభంలో విద్యుద్విశ్లేషణ నియమాలను స్థాపించాడు. ద్రావణం గుండా ప్రవహించిన విద్యుత్తు ఎంతో, ఋణధ్రువం మీద దిగే లోహం బరువు కూడా అంతకు అనుగుణంగా ఉంటుందని వాటి సారాంశం. సయనైడు ద్రావణం నుండి ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంటసేపు ప్రవహిస్తే 7.35 గ్రాముల బంగారం దిగాలి. ఇది ప్రకృతి ధర్మం.

అయితే ద్రావణంలో బంగారంతో పాటు నీరు కూడా ఉన్నది. ఋణధ్రువం వద్దకు వచ్చిన విద్యుత్తులో కొంత భాగాన్ని నీరు తీసుకొని హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. పూత పూసే తొట్టెలో వస్తువు మీద నుండి సన్నని బుడగలు పైకి లేవడం చూసినవారు ఆ వాయువునే చూశారు. వేడిగా ఉండే సాంప్రదాయిక క్షార సయనైడు ద్రావణంలో విద్యుత్తు దాదాపు అంతా బంగారానికే దక్కుతుంది. ఆమ్ల గుణం గల ఆధునిక ద్రావణాలలో బంగారానికి దక్కేది తరచు నూటికి 30 నుండి 40 వంతులే. తక్కినదానిలో అధిక భాగం హైడ్రోజన్‌కే పోతుంది.

దీని అర్థం చిన్న ఉదాహరణతో తేటపడుతుంది. నూటికి 40 వంతుల దక్షత గల తొట్టెలో ఒక ఆంపియరు ఒక గంటసేపు ప్రవహిస్తే, 7.35 గ్రాములకు బదులు 2.94 గ్రాముల బంగారమే దిగుతుంది. తక్కిన విద్యుత్తంతా హైడ్రోజన్‌కే పోయిందనుకుంటే దాదాపు పావు లీటరు వాయువు బుడగలై పోతుంది. బంగారం నష్టం కాలేదు, తొట్టెలోనే ఉన్నది. కాని విద్యుత్తు మీటరును మాత్రమే చూసి ఇంత బంగారం పూశామని లెక్క వ్రాసుకొంటే ఆ లెక్క సత్యం కాదు.

లోహంలో దాగే వాయువు

హైడ్రోజన్ అంతా బుడగలై పోదు. కొంత లోహంలోకి చేరుతుంది. స్కాట్లండు శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1860లలో పల్లాడియం అనే తెల్లని లోహం తన ఘనపరిమాణానికి ఎన్నో వందల రెట్లు హైడ్రోజన్‌ను తనలో ఇముడ్చుకొంటుందని చూపి లోకాన్ని ఆశ్చర్యపరచాడు. 1875లో విలియం జాన్సన్ అనే ఆంగ్లేయుడు, ఆమ్లంలో మునిగిన ఇనుప తీగ హైడ్రోజన్‌ను పీల్చుకొని పెళుసుబారుతుందనీ, కొంతకాలం విడిచిపెడితే ఆ వాయువు వెలుపలికి పోయి తీగకు మళ్లీ సాగే గుణం వస్తుందనీ రాయల్ సొసైటీకి నివేదించాడు. లోహాల పెళుసుతనానికి వాయువు కారణం కావచ్చునన్న ఎరుక నాటి నుండి మొదలైనది.

బంగారం ఈ విషయంలో పల్లాడియంకు పూర్తిగా భిన్నమైనది. మేలిమి బంగారంలో హైడ్రోజన్ కరగడం అత్యల్పం. అందువల్ల పూతతో పాటు వచ్చిన హైడ్రోజన్ బంగారు రేణువుల మధ్య సందులలో, సూక్ష్మమైన ఖాళీలలో, పూతలో చిక్కుకొన్న ఇతర పదార్థాలలో తలదాచుకొంటుంది. వస్తువును తరువాత వేడి చేసినప్పుడు అది వ్యాకోచించి వెలుపలికి రావడానికి ప్రయత్నిస్తుంది. దాని ఒత్తిడికి పూత పొక్కులు తేలుతుంది. నికెలు, కోబాల్టు, పల్లాడియం వంటి లోహాలు కలిసిన మిశ్రమ పూతలలో హైడ్రోజన్ ప్రభావం మరింత హెచ్చు. అది మెల్లగా వెలుపలికి పోతున్నకొద్దీ పూత ముడుచుకొని, లోపల ఒత్తిడి పెరిగి, కొన్ని సందర్భాలలో సన్నని బీటలు పడతాయి.

బంగారు, వెండి పనులకు పేరుగాంచిన జర్మనీ పట్టణం ష్వేబిష్ గ్మ్యూండ్‌లో అమూల్య లోహాల పరిశోధన సంస్థ ఒకటి 1922 నుండి ఉన్నది. అక్కడ పనిచేసిన క్రిస్టోఫ్ రౌబ్ 1993లో ఒక వ్యాసం వ్రాస్తూ, విద్యుత్ పూతలలో హైడ్రోజన్ పాత్ర నిర్ణాయకమైనదైనా దానిని పరిశ్రమ చాలావరకు విస్మరించిందని ఎత్తిచూపాడు. పూత గట్టిదనం, లోపలి ఒత్తిడి, పెళుసుదనం, పొక్కులు వంటివి వేర్వేరు సమస్యలుగా కనబడినా, వాటి వెనుక చాలాసార్లు ఈ ఒక్క వాయువే ఉంటుందన్న గ్రహింపునకు ఇటువంటి కృషి దోహదం చేసింది.

గట్టి బంగారం అవతరణ

మేలిమి బంగారం మెత్తనిది. వేలితో తరచు తాకే వస్తువుపై అది త్వరగా అరుగుతుంది. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో టెలిఫోను, కంప్యూటరు పరిశ్రమలు పెరిగి, వేలసార్లు రాపిడికి ఓర్చే బంగారు పూత అవసరమైనది. 1950ల చివరి నాటికి సిట్రిక్ ఆమ్లపు లవణాలతో కూడిన ఆమ్ల ద్రావణంలో స్వల్పంగా కోబాల్టును గాని నికెలును గాని కలిపి గట్టి బంగారాన్ని దింపే విధానం రూపుదిద్దుకొన్నది.

ఈ పూతలో కోబాల్టు సాధారణంగా నూటికి పావు వంతుకు అటూ ఇటూ మాత్రమే. అయినా దాని గట్టిదనం మెత్తని పూతకు రెట్టింపు దాకా చేరుతుంది. ఇంత స్వల్పమైన కల్తీతో అంతటి మార్పు ఎట్లా సాధ్యమని శాస్త్రజ్ఞులు 1960, 1970 దశకాలలో శోధించారు. పూతను విశ్లేషించగా బంగారం, కోబాల్టులతో పాటు కార్బన్, నత్రజని, ఆమ్లజని, పొటాషియం, హైడ్రోజన్ కూడా దొరికాయి. అవి ద్రావణంలోని సయనైడు తదితర పదార్థాల శకలాలు. ఆ పూతలోని బంగారు రేణువులు మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటె సూక్ష్మమైనవని కూడా తేలింది. రేణువులు అంత సన్నబడటం, వాటి నడుమ అన్య పదార్థాలు ఇరుకుకొనడం అనేవే గట్టిదనానికి ప్రధాన కారణాలు.

ఇందులో హైడ్రోజన్ పాత్ర రెండు విధాలు. తాను స్వయంగా పూతలో చేరడం ఒకటి. బుడగగా మారేటప్పుడు ఋణధ్రువానికి అంటియున్న ద్రావణంలోని ఆమ్లత్వాన్ని తగ్గించడం రెండవది. తొట్టె మొత్తం ఆమ్లంగానే ఉన్నా, వస్తువును ఆనుకొని ఉన్న వెంట్రుకవాసి పొరలో మాత్రం క్షారగుణం పెరుగుతుంది. ఆ పొరలో కోబాల్టు హైడ్రాక్సైడు వంటివి ఏర్పడి పూతలో చిక్కుకొనే అవకాశం ఉన్నది. ఈ అన్య పదార్థాల మూలంగా పూత సాంద్రత కూడా పడిపోతుంది. మేలిమి బంగారం ఘన సెంటీమీటరు 19.3 గ్రాములు తూగితే, కోబాల్టుతో గట్టిపడిన పూత సుమారు 17 గ్రాములే తూగవచ్చు.

తొట్టె పరిస్థితులు, పూత గుణాలు

ఒకే ద్రావణం, ఒకే బంగారం అయినా తొట్టెను నడిపే తీరును బట్టి పూత మారిపోతుంది. ఉష్ణోగ్రత పెంచితే బంగారు అయానులు చురుకుగా కదులుతాయి, విద్యుత్తులో బంగారం వాటా పెరుగుతుంది, హైడ్రోజన్ తగ్గుతుంది. ద్రావణాన్ని కలియబెడుతూ ఉంటే కొత్త బంగారం వస్తువు దగ్గరకు చేరుతూ ఉండటమే కాక, అంటుకొన్న బుడగలు కూడా తొలగిపోతాయి. బుడగ తొలగని చోట బంగారం దిగదు. అక్కడ సూదిమొన గుంట మిగులుతుంది.

విద్యుత్తును అవసరానికి మించి పెంచితే మరొక ప్రమాదం. వస్తువు దగ్గర ఉన్న బంగారం వేగంగా ఖర్చయిపోయి, మిగిలిన విద్యుత్తంతా హైడ్రోజన్‌కు మళ్లుతుంది. అప్పుడు పూత నల్లబడి, గరుకుగా, పొడిగా తయారవుతుంది. పనివారు దీనిని మాడిన పూత అంటారు. అంచులు, మొనలు ఉన్న చోట విద్యుత్తు అధికంగా చేరుతుంది కాబట్టి, కలశం మొనలు, పద్మదళాల అంచులు మొదట మాడేవి. లోతైన నగిషీలలో మాత్రం పూత పలుచబడిపోతుంది. ఎరిగిన పనివారు ధనధ్రువాలను వస్తువు ఆకారానికి అనుగుణంగా చుట్టూ అమర్చేది ఇందుకే.

మిశ్రలోహపు పూతల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. రాగి కలిస్తే బంగారు పూతకు ఎరుపుఛాయ వస్తుంది, వెండి కలిస్తే పచ్చఛాయ, నికెలు కలిస్తే పాలిపోయిన రంగు వస్తాయి. విద్యుత్తు, ఉష్ణోగ్రత, ఆమ్లత్వం ఏది మారినా రెండు లోహాలు దిగే నిష్పత్తి మారుతుంది. ఉదయం పూసిన రేకుకు, సాయంత్రం పూసిన రేకుకు రంగు కలవకపోవడం ఈ కారణంగా జరిగేదే. విద్యుత్తును ఏకధాటిగా పంపకుండా క్షణంలో వెయ్యోవంతు కాలాలలో ఆపుతూ పంపే స్పందన విధానం 1970ల నుండి వ్యాపించింది. విద్యుత్తు ఆగిన ఆ విరామంలో వస్తువు చుట్టూ బంగారం మళ్లీ నిండుతుంది. తగిన విధంగా సరిచూసి నడిపితే పూత సన్నని రేణువులతో, తక్కువ రంధ్రాలతో వస్తుంది.

కలశానికి ఏ బంగారం?

కంప్యూటరుకు పనికివచ్చినదల్లా కలశానికి పనికిరాదు. శిఖరం మీది బంగారానికి రాపిడి లేదు. దాని శత్రువులు ఎండ, వాన, గాలిలోని తేమ, సముద్ర తీరాలలో ఉప్పు. బంగారం వీటిలో దేనికీ లొంగదు. లొంగేది దాని క్రింది రాగి. పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా వాననీరు అందులోనుండి రాగిని చేరుతుంది. తడి తగిలిన బంగారం, రాగి కలిసి చిన్న విద్యుత్ ఘటంగా పనిచేస్తాయి. అందులో క్షయమయ్యేది రాగియే. ఆ రంధ్రం నుండి పచ్చని చిలుము ఉబికి వచ్చి పూతను లేపుతుంది. వోల్టా ఘటంతో పూసిన బంగారాన్ని వోల్టా ఘటమే తినివేయడం ఇక్కడి విచిత్రం.

కనుక కలశానికి కావలసినవి మేలిమి, మందం, రంధ్రాలు లేని నిండుదనం. ఆ రంధ్రాలలో చాలావాటికి మూలం పూత సమయంలో అంటుకొన్న హైడ్రోజన్ బుడగ గాని, సరిగా శుభ్రపరచని రాగి గాని అయి ఉంటుంది. పూత పలుచనైనకొద్దీ రంధ్రాలు అధికం, మందమైనకొద్దీ అవి పూడిపోతాయి.

ఇక్కడ దాతలు గుర్తుంచుకొనదగిన లెక్క ఒకటున్నది. ఒక చదరపు మీటరు రాగి మీద ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వెయ్యోవంతు మందాన మేలిమి బంగారం పూయడానికి 19.3 గ్రాములు కావాలి. పది మైక్రానులకు 193 గ్రాములు. చదరపు అడుగు లెక్కన చూస్తే పది మైక్రానుల పూతకు సుమారు 18 గ్రాములు. 100 గ్రాముల బంగారాన్ని పది చదరపు మీటర్లకు పరిస్తే దక్కేది అరమైక్రాను పూత మాత్రమే. మైక్రానులో పదోవంతు మందం గల పూత కూడా మొదటి రోజున కంటికి నిండైన బంగారంలాగే మెరుస్తుంది. కుంభాభిషేకం నాటి శోభ ఒకటే. పన్నెండేళ్ల తరువాతి శోభ వేరు. ఆ తేడాను మెరుపు చెప్పదు, మందమే చెబుతుంది.

పాత పద్ధతులు ఈ కారణంగానే పూర్తిగా అంతరించలేదు. అమృతసరు స్వర్ణమందిరపు తాపడాలను 1995 నుండి 1999 వరకు పునరుద్ధరించిన వారు బర్మింగ్‌హాం నగరంలో స్థిరపడిన సిక్కు భక్తుల సేవాసంస్థ వారు. విద్యుత్ పూత పరిశ్రమ పుట్టిన ఊరి నుండి వచ్చిన ఆ భక్తులు, రాగి రేకు మీద బంగారు రేకులను పొరలు పొరలుగా నిలిపే సాంప్రదాయిక విధానాన్నే ఎన్నుకొన్నారు. తమిళనాడులో వేలూరు సమీపంలోని శ్రీపురం ఆలయంలో 2007 నాటికి పూర్తయిన స్వర్ణ నిర్మాణం కూడా రాగి పలకలపై బంగారు రేకుల పొరలతో చేసినదే. మరొకవైపు తెలంగాణలోని యాదగిరిగుట్ట శ్రీలక్ష్మీనరసింహస్వామి వారి దివ్యవిమానానికి జరిగిన స్వర్ణ తాపడం 2025 ఫిబ్రవరిలో మహాకుంభాభిషేకంతో భక్తులకు దర్శనమిచ్చింది. ఏ విధానమైనా బంగారం మందం, రాగి శుద్ధి, పనివారి నైపుణ్యం అన్న మూడింటిపైననే దాని ఆయువు ఆధారపడి ఉంటుంది.

దాతల బంగారం, లెక్క చెప్పే ధర్మం

శాసన యుగంలో రాజులు ఇచ్చిన వరహాల సంఖ్యను రాతిపై చెక్కించారు. కీర్తికాంక్ష ఒక్కటే అందుకు కారణం కాదు. దేవుని సొత్తుకు లెక్క ఉండాలన్న ధర్మం కూడా అందులో ఉన్నది. విద్యుత్ పూత కాలంలో ఆ ధర్మం మరింత అవసరమైనది. రేకు తాపడాన్ని కంటితో చూసి, తూచి తెలుసుకోవచ్చును. తొట్టెలో కరిగిన బంగారం మాత్రం కంటికి కనపడదు. కొంత పూతగా దిగుతుంది, కొంత ద్రావణంలో మిగులుతుంది, కొంత కడిగిన నీళ్లలో పోతుంది.

ఇందుకు సులభమైన ఉపాయాలున్నవి. ప్రతి రేకును పూతకు ముందు, పూత తరువాత తడి లేకుండా ఆరబెట్టి సాక్షుల సమక్షంలో తూచి, ఆ తేడాను పుస్తకంలో వ్రాయాలి. విద్యుత్తు ఎంతసేపు పంపామన్నది దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే అందులో హైడ్రోజన్ వాటా ఎంతో మీటరు చెప్పదు. నగల హాల్‌మార్కు కేంద్రాలలో వాడే ఎక్స్‌కిరణ యంత్రం వంటిదానితో పూతను గీయకుండానే పలుచోట్ల పరీక్షించవచ్చును. ఆ యంత్రం వాస్తవానికి కొలిచేది చదరపు సెంటీమీటరుకు ఎంత బంగారం ఉన్నదన్న విషయాన్ని. గట్టి బంగారు పూతలో సాంద్రత తక్కువ కాబట్టి, మందం అంకె కంటె బరువు అంకెను నమ్మడం మంచిది. తొట్టెలోను, కడుగు నీటిలోను మిగిలిన బంగారాన్ని తిరిగి రాబట్టి ఆలయానికి అప్పగించాలన్న నియమం ఒప్పందంలోనే ఉండాలి. సయనైడు కలిసిన ఆ నీటిని శుద్ధి చేయకుండా కాలువలలో వదలడం మహాపాతకమే. పాదరసం నుండి తప్పించుకొన్న ప్రాణాలను మరొక విషానికి అప్పగించరాదు.

ఈ జాగ్రత్తలు అనవసరమని ఎవరూ అనుకోరాదు. కేరళలోని శబరిమలలో 1998లో ఒక దాత సమర్పణతో జరిగిన స్వర్ణ తాపడాలలో కొన్నింటిని 2019లో మళ్లీ పూతకు పంపిన వ్యవహారంలో బంగారం లెక్కలపై సందేహాలు తలెత్తగా, 2025లో కేరళ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తునకు ఆదేశించింది. దోషనిర్ణయం న్యాయస్థానాల పని. తూకం పుస్తకం స్పష్టంగా ఉన్నచోట మాత్రం అటువంటి సందేహానికే తావుండదు.

బంగారం ఎక్కడ పూయకూడదో తెలుసుకొనడం కూడా భక్తిలో భాగమే. తిరుమలలో 2008లో ఆనంద నిలయపు గోడలకు బంగారు తాపడం చేయించే పథకం ప్రకటింపబడగా, గోడల మీది ప్రాచీన శాసనాలు మరుగున పడతాయన్న అభ్యంతరాలు వచ్చి, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ పథకం నిలిచిపోయింది. బంగారం సమర్పించిన పూర్వుల మాటలున్న రాళ్లను బంగారంతోనే కప్పివేయడం సమంజసం కాదని ఎందరో భావించారు.

ఇక నిత్య సంరక్షణ విషయంలో ఒక్క మనవి. ఇళ్లలో రాగి, ఇత్తడి పాత్రలను తోమినట్లు బంగారు పూత గల కలశాలను, కవచాలను, మకరతోరణాలను చింతపండుతో గాని, నిమ్మరసంతో గాని, ఇసుకతో గాని తోమరాదు. పులుపు రంధ్రాల గుండా రాగిని తాకుతుంది, రాపిడి పూతను అరగదీస్తుంది. శుభ్రమైన నీటితో కడిగి మెత్తని గుడ్డతో అద్దడమే చాలును.

బ్రుగ్నాతెల్లి పతకాల నుండి నేటి స్వర్ణవిమానాల దాకా సాగిన ఈ చరిత్రలో శాస్త్రజ్ఞులు నేర్చుకొన్న పాఠం, వెలుపలి మెరుపును బట్టి లోపలి స్థితిని నిర్ణయించరాదన్నది. పూతలో దాగిన వాయువు ఆ రోజున కనబడదు, కాలం గడిచిన తరువాత పొక్కుగానో చిలుముగానో బయటపడుతుంది. ఆలయ కార్యాలలోనూ లోపల శుద్ధి ఉంటేనే వెలుపలి శోభ నిలుస్తుందని మన పెద్దలు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. భక్తితో ఇచ్చిన ప్రతి గురిగింజ ఎత్తు బంగారమూ శిఖరాన్ని చేరి, రాబోయే తరాల వారికి కూడా దర్శనభాగ్యం కలిగించాలని, అందుకు తోడ్పడిన దాతలకు, స్వర్ణకారులకు, సేవకులకు ఆ పరమాత్ముడు ఆయురారోగ్య ఐశ్వర్యాలను ప్రసాదించాలని ప్రార్థిద్దాం.